లేజరు చూస్తుంది సరే, స్తంభం ఎవరు పాతుతారు?

మొన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఒక కుర్రాడు తేల్చిపారేశాడు. "పల్లెల్లో కరెంటు లైన్లన్నీ హెలికాప్టర్లోంచి లేజరుతో సర్వే చేయించేస్తే చాలండీ, ఈ షాకులూ చావులూ ఆగిపోతాయి" అని. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఎందుకంటే రెండేళ్ళపాటు హైదరాబాదులో కూర్చుని నేను చేసింది ఆ పనే.

సంగతేమిటంటే, హెలికాప్టరో చిన్న విమానమో లైను వెంబడే ఎగురుతూ సెకనుకి లక్షల లేజరు పల్సులు కిందికి పంపుతుంది. ఒక్కో పల్సు దేనికో తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరం తెలుస్తుంది. దానికి జీపీఎస్ కలిపితే కోట్ల చుక్కలొస్తాయి. అందులో ఏది నేల, ఏది చెట్టు, ఏది తీగ అని విడదీసే ప్రోగ్రాములు రాయడం మా పని. కొమ్మకీ తీగకీ మధ్య ఎంత ఎడముందో సెంటీమీటర్ల లెక్కన చెప్పొచ్చు. గొప్ప విద్యే, కాదనను.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ లాంటి చోట దాని అవసరం కూడా ఉంది. అక్కడి ఎర్గాన్ ఎనర్జీ లైన్లు దాదాపు లక్షన్నర కిలోమీటర్లు. మైళ్ళకొద్దీ మనిషన్నవాడు కనపడడు. తీగ మీదికి కొమ్మ వాలుతోందని చెప్పే దిక్కుండదు కాబట్టి విమానం పంపాలి.

మరి మా ఊళ్ళో? మా బాబాయి చేలోంచి 11 కేవీ లైను పోతుంది. గాలివానకి నడిమి స్తంభం పడిపోతే తీసేశారు, మళ్ళీ పాతలేదు. బిగువు మారకుండా స్తంభాల మధ్య దూరం రెట్టింపైతే తీగ వేలాడటం నాలుగింతలవుతుంది. ఎండలకి సాగి ఇంకా దిగుతుంది. పొలాల మీద 11 కేవీ దాకా తొడుగులేని తీగ కనీసం 4.6 మీటర్ల ఎత్తులో ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే ఉంది. బాబాయి ఆ రూలు చదవలేదు గానీ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒకసారి ఎస్టిమేటు వెయ్యాలన్నారు, ఒకసారి స్తంభాల్లేవన్నారు, ఒకసారి లైన్‌మన్ లేడన్నారు. నిరుడు వరిగడ్డి ట్రాక్టరు ఆ తీగకి తగిలి తగలబడిపోయింది. సమయానికి దూకేశాడు కాబట్టి మనిషి దక్కాడు.

లేజరు సంగతి చెబితే బాబాయి నవ్వాడు. "ఒరే అబ్బాయ్, తీగ కిందికొచ్చిందని విమానమెక్కి చూడాలట్రా? చేలో నిలబడితే కనపడట్లా?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?

"డేటా ఉంటే అధికారులు తప్పించుకోలేరు కదా" అనొచ్చు. ఫిర్యాదు పుస్తకంలో బాబాయి సంతకం డేటా కాదా? దాన్నే పక్కన పెట్టేసినవాళ్ళు కోట్ల చుక్కల ఫైలుని పెట్టలేరా? కాకపోతే అది హార్డ్ డిస్కులో ఉంటుంది, దుమ్ము పట్టదు :)

పైగా లేజరుకి అన్నీ కనపడవు. 2009 ఫిబ్రవరి 7న అదే ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని కిల్‌మోర్ ఈస్ట్ దగ్గర ఒంటితీగ లైను తెగి కార్చిచ్చు రేగింది. 119 మంది చనిపోయారు. తీగని స్తంభం దగ్గర పట్టి ఉంచే బిగింపు సరిగా కూర్చోక, అక్కడ పోగులు అలిసిపోయి తెగాయని రాయల్ కమిషన్ తేల్చింది. దూరాలు కొలిచే యంత్రానికి అలిసిన పోగు తెలియదు. దగ్గరకెళ్ళి చూసే మనిషి కావాలి, ఆ మనిషికి పని తెలిసుండాలి.

నేను లేజరుకి వ్యతిరేకిని కాను. అడవిలో, కొండల్లో పోయే లైన్లకి తప్పకుండా వాడండి. ఊళ్ళకీ వాడతామంటే నాదొకటే షరతు. ఏ తీగ ఎంత కిందికుందో, ఎప్పటిలోగా సరిచేస్తారో ఆ జాబితా పంచాయతీ గోడ మీద అంటించాలి. సర్వేకి డబ్బు కేటాయించే కాగితంలోనే స్తంభాలకీ, లైన్‌మన్లకీ కూడా కేటాయించాలి. ఆ రెండూ లేకపోతే అది సర్వే కాదు, ఆకాశం నుంచి తీసిన ఫోటో.

చూడటం మా సాఫ్ట్‌వేరువాళ్ళకి తేలిక. అందుకే చూస్తే చాలనుకుంటాం. బాబాయి చేలో స్తంభం పాతిన గుంట ఇంకా అలాగే ఉంది. ఈ ఏడు గడ్డి నెత్తిన పెట్టుకుని మోశారు.