ముందు మీ మీటరు చూపించండి

"వాడుకున్నంతకే చెల్లించండి." ఈ రోజుల్లో ఇంతకంటే న్యాయంగా వినిపించే మాట ఇంకొకటి లేదు. కరెంటు కంపెనీ అంటుంది, నీళ్ళ సంస్థ అంటుంది, మా సాఫ్ట్ వేర్ వాళ్ళమైతే రోజుకు పదిసార్లు అంటాం. పక్కింటాయన తోటకు పోసుకున్న నీళ్ళకు నేనెందుకు డబ్బు కట్టాలి? ఎవరు తిన్న ఇడ్లీలకు వాళ్ళే బిల్లు. ఇందులో తప్పు పట్టడానికేముంది?

చాలానే ఉంది. మీటరుకు నేను వ్యతిరేకిని కాను. ఎంత వాడారో లెక్కగట్టి బిల్లులు పంపే వ్యవస్థల చుట్టూ తిరిగి సంసారం గడుపుకుంటున్న వాణ్ణి. నా అభ్యంతరమల్లా ఒక్కటే. మీటరును ఎప్పుడూ కొనేవాడి గుమ్మానికే బిగిస్తున్నారు. అమ్మేవాడి గుమ్మం వైపు ఎవరూ చూడరు.

మా వెల్లింగ్టన్ నీళ్ళ కథే తీసుకోండి. ఆక్లండ్ లో ఇంటింటికీ నీటి మీటర్లున్నాయి. మా ఊళ్ళో ఎక్కువ ఇళ్ళకు అవి లేకుండానే ఏళ్ళు గడిచాయి. నీళ్ళ ఖర్చు కౌన్సిల్ వేసే రేట్స్ లో, అంటే మన ఇంటి పన్నులాంటి దాంట్లో, కలిసిపోయేది. హట్ నది నుంచి, వైనుయొమాట కొండల నుంచి, భూగర్భం నుంచి తోడి, శుద్ధి చేసి, పైపుల్లోకి వదిలిన నీళ్ళలో సుమారు 40 శాతం దారిలోనే కారిపోతోందని 2023-24 వేసవిలో లెక్క చెప్పారు. (మాకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం.) ఆ వేసవిలోనే తోటలకు స్ప్రింక్లర్లు వాడొద్దని ఆంక్ష పెట్టారు. వీధిలో పైపు పగిలి నీళ్ళు పారుతుంటే, ఇంటాయన బకెట్టుతో టమాటా మొక్కలకు పోసుకున్నాడు. ఓటికుండ చేతికిచ్చి, దాహం తగ్గించుకోమన్నట్టుంది.

ఇంకో తమాషా, ఆ 40 శాతం కూడా అంచనాయే. ఇంటింటికీ మీటర్లు లేనప్పుడు ఏ నీళ్ళు వంటింట్లోకి వెళ్ళాయో, ఏ నీళ్ళు మట్టిలో ఇంకాయో కచ్చితంగా చెప్పేదెవరు? అందుకే మీటర్లు కావాలన్న వాదనలో బలముంది. మా ఊరికి ఉత్తరాన కాపిటి కోస్ట్ అనే ప్రాంతముంది. అక్కడ పెద్ద గొడవల మధ్య 2014 లో మీటరు బిల్లులు మొదలుపెట్టారు. నీటి వాడకం సుమారు పాతిక శాతం తగ్గింది. జనం స్నానాలు మానేసి కాదు. ఇళ్ళ ఆవరణల్లో ఎన్నేళ్ళుగానో ఎవరికీ తెలియకుండా కారుతున్న వందలాది లీకులు మీటరు పెట్టగానే బయటపడ్డాయి. మీటరు చేసిన అసలు మేలు అదే. బిల్లు తర్వాతి సంగతి.

ఇది చదివి మన ఊళ్ళో పాఠకులకు వేరే విషయం గుర్తుకు రావాలి. పంపుసెట్ల కరెంటు. ఎన్.టి. రామారావు గారి హయాంలో హార్స్ పవర్ కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు వచ్చింది. 2004 మే 14 న వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. రైతుకు ఊపిరి వచ్చింది, కాదనను. 2000 ఆగస్టు 28 న బషీర్ బాగ్ లో కరెంటు చార్జీల మీద నిరసన తెలిపిన వాళ్ళపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన రాష్ట్రంలో ఆ సంతకానికి ఎంత విలువుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ మీటరు లేని ప్రతిచోటా జరిగేదే అక్కడా జరిగింది. ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్ ఫార్మర్ల దగ్గర కొలిచి, రైతులందరి వాడకాన్నీ అంచనా కట్టారు. పాత తీగల్లో పోయిన కరెంటు, కొక్కేలు తగిలించి దొంగిలించిన కరెంటు కూడా కొంత "వ్యవసాయం" ఖాతాలోకి సులువుగా జారుకోగల ఏర్పాటది. రైతు వాడనిదానికి కూడా రైతుకే పేరు! ఆంధ్రప్రదేశ్ లో మోటార్లకు మీటర్లంటూ శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం చేశారు. తెలంగాణలో కె.సి.ఆర్. గారు ససేమిరా అన్నారు. ఒకరికి మీటరు సంస్కరణ, ఇంకొకరికి ఉరితాడు. అసలు డిస్కంల నష్టం ఏ తీగ దగ్గర, ఏ ట్రాన్స్ ఫార్మర్ దగ్గర జరుగుతోందో ముందు కొలిచి ఊరందరికీ చూపించండి అన్నవాళ్ళు మాత్రం తక్కువ.

సరే, మీటరు పెట్టారనుకుందాం. బిల్లు ఎవరికి వస్తుంది? ఇక్కడ కూడా న్యాయం అంత తిన్నగా నడవదు. న్యూజీలాండ్ చట్టం ప్రకారం రేట్స్ ఇంటి యజమాని కట్టుకోవాలి. అదే మీటరు మీద వచ్చిన నీళ్ళ చార్జీని అద్దెకున్నవాళ్ళ దగ్గర వసూలు చేయవచ్చు. మీటరు వచ్చిన రోజున పాతకాలపు టాయిలెట్ ట్యాంకులు, బోలెడన్ని నీళ్ళు మింగే షవర్లు మార్చే అధికారం యజమానిది, వాటి ఖర్చు భరించే బాధ్యత అద్దెవాళ్ళది. కుళాయి తిప్పే చెయ్యి ఒకటి, కుళాయి మార్చే చెయ్యి ఇంకొకటి. ధర పెంచితే పొదుపు వస్తుందనే సూత్రం ఆ రెండు చేతులూ ఒకరివే అయినప్పుడే పనిచేస్తుంది.

ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది ఇంకో ప్రశ్న. ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఆరు నెలలు ఉంటారు, పిల్లలు ముగ్గురు, మరిది ఉద్యోగం వెతుక్కుంటూ మన దగ్గరే ఉంటాడు. సమోవా వాళ్ళ ఇళ్ళల్లోనూ, మావోరీ ఇళ్ళల్లోనూ ఇలాగే. మనిషికి వాడేది తక్కువైనా ఇంటి మొత్తం ఎక్కువ చూపిస్తుంది. కరెంటు విషయంలో ఈ దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. 2004 లో ఒక నిబంధన తెచ్చారు. ఏడాదికి 8,000 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు (దక్షిణాన చలి ఎక్కువ కాబట్టి అక్కడ 9,000) పన్ను కాక రోజుకు 30 సెంట్లకు మించి స్థిర చార్జీ వెయ్యకూడదు, మిగతా డబ్బు వాడకం మీద రాబట్టుకోవాలి. పొదుపుకు ప్రోత్సాహం, పేదకు మేలు అన్నారు. తీరా చూస్తే తక్కువ వాడేవాళ్ళలో పేదలే కాక, మంచి ఇన్సులేషన్ ఉన్న ఇంట్లో భార్యాభర్తలిద్దరే ఉండే కలిగినవాళ్ళూ ఉన్నారు. గోడల్లోంచి చలి దూరే పాత ఇంట్లో ఎనిమిది మంది ఉన్న కుటుంబం ఎక్కువ వాడింది. తీగల ఖర్చులో కలిగినవాళ్ళ వాటా కూడా ఆ కుటుంబం మీద పడింది. 2019 లో వెలువడిన విద్యుత్ ధరల సమీక్ష ఆ నిబంధనను ఎత్తేయమంది. 2022 ఏప్రిల్ నుంచి ఐదేళ్ళలో దశలవారీగా తొలగించడం మొదలైంది.

ఇక్కడే అసలు కిటుకుంది. పైపు, తీగ, సర్వరు, వీటి ఖర్చులో పెద్ద భాగం మనం వాడినా వాడకపోయినా ఉండేదే. వాన బాగా పడి నీళ్ళు తక్కువ వాడితే పైపుల మీద తెచ్చిన అప్పు తగ్గదు. ఆ ఖర్చంతా లీటరు మీదా, యూనిట్ మీదా రుద్ది "మీరు వాడినందుకే" అనడం సగం నిజం. పైగా అందరూ బుద్ధిగా పొదుపు చేస్తే రాబడి పడిపోతుంది, అప్పుడు యూనిట్ ధర పెంచుతారు. పొదుపు చేసినందుకు బహుమానం రేటు పెంపు!

వ్యాపారాల సంగతికొస్తే, నేను ఎరిగిన బజారు క్లౌడ్. 2006 లో అమెజాన్ నిల్వను గిగాబైటుకు నెలకు 15 సెంట్లకు, చిన్న కంప్యూటరును గంటకు 10 సెంట్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. అది నిజంగా గొప్ప మార్పు. అంతకుముందు వేల డాలర్లు పోసి సర్వర్లు కొనుక్కోలేని కుర్రాళ్ళు ఇద్దరు కలిసి కంపెనీ పెట్టగలిగారు. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ అమ్మేవాడికీ ఒక భయముంది, వచ్చే నెల రాబడి ఎంతో తెలియదు. అందుకని "ఏడాదికో మూడేళ్ళకో ఇంత తీసుకుంటానని రాసిస్తే తగ్గింపు ఇస్తాం" అంటాడు. రాసిచ్చాక వాడినా కట్టాలి, వాడకపోయినా కట్టాలి. వాడుకున్నంతకే అన్న మాట అక్కడితో సరి.

పైగా "వాడకం" అంటే ఏమిటో నిర్ణయించేది కూడా అమ్మేవాడే. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థలో, పరీక్షల కోసం తెరిచిన యంత్రాలు క్రిస్మస్ సెలవుల మూడు వారాలూ ఊరికే నడుస్తూ ఉండిపోయాయి. జనవరిలో బిల్లు చూసి ఆ యజమానురాలు అడిగిన ప్రశ్న నేను మరచిపోలేదు. "మేమందరం సముద్రం ఒడ్డున ఉన్నాం కదా, వాడిందెవరు?" యంత్రం తెరిచి ఉంటే చాలు, వాడినట్టే లెక్క. ఆక్లండ్ లో కూడా మురుగునీటిని ఎవరూ కొలవరు. మామూలు ఇళ్ళకు లోపలికి వచ్చిన నీళ్ళలో 78.5 శాతం బయటికి పోయినట్టు అనుకుని బిల్లు వేస్తారు. తప్పని అనను, కానీ దాన్ని కొలత అనకండి, ఒప్పందం అనండి.

ధర ముందు తెలియకపోతే ఏమవుతుందో టెక్సస్ లోని మనవాళ్ళను అడగండి. గ్రిడ్డీ అనే కంపెనీ కరెంటును టోకు బజారు ధరకే ఇస్తానంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఆ ధర యూనిట్ కు 9 డాలర్లకు ఎక్కింది. నాలుగైదు రోజులకే కొందరికి వేల డాలర్ల బిల్లులొచ్చాయి. మరుసటి నెలలో కంపెనీ దివాలా తీసింది. గడ్డకట్టే చలిలో హీటరు ఆపుకోవడాన్ని పొదుపు అనరు. లాభం వచ్చిన రోజుల్లో పంచుకున్నది చిల్లర, కష్టం వచ్చిన రోజున వాడేవాడి నెత్తిన పడింది కొండ. ఈ ధరల పద్ధతిలో నిజంగా చేతులు మారేది ఇదే, ప్రమాదం.

అలాగని మంచి మీటరు లేదా? ఉంది. మన ఎస్.టి.డి. బూతు గుర్తుందా? గాజు తలుపు వెనక మాట్లాడుతుంటే కళ్ళ ముందే ఎర్రంకెలు తిరిగేవి. రాత్రి పదకొండు దాటితే పావు రేటని ఊరందరికీ తెలుసు. అంకె యాభై దాటగానే "ఇక ఉంటానమ్మా" అని పెట్టేసేవాళ్ళం. ఇక్కడ న్యూజీలాండ్ లో డీజిల్ బళ్ళకు 1978 నుంచి కిలోమీటర్ల లెక్కన రోడ్డు చార్జీ ఉంది. వెయ్యి కిలోమీటర్లు ముందే కొనుక్కోవాలి. 2024 ఏప్రిల్ 1 న విద్యుత్ కార్లను కూడా అందులో చేర్చినప్పుడు వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్లని ముందే చెప్పారు. కట్టేటప్పుడు సణిగినా, ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు, కానీ పనిచేసే మీటరు ఉండాలన్నారు. ఉచితానికీ మీటరుకూ పగ అక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

వెల్లింగ్టన్ నీటి పైపులను 2026 జూలై 1 నుంచి టియాకి వై అనే కొత్త సంస్థకు అప్పగించాలని మా కౌన్సిళ్ళు నిర్ణయించాయి. ఆ సంస్థను అడగవలసినవే, మన డిస్కంలనూ, మా క్లౌడ్ దొరలనూ కూడా అడగాలి. ఇంటికి మీటరు బిగించే ముందు వీధి చివర మీ పైపుకు బిగించండి. ఎంత వదిలారు, ఎంత కారిపోయింది, నెలనెలా మా బిల్లు వెనకనే అచ్చు వెయ్యండి. మీ లీకు ఖర్చు మా లీటరు ధరలో కలపకండి. బతకడానికి కావలసినంత చవగ్గా ఇవ్వండి, అదీ ఇంటి లెక్కన కాదు, మనుషుల లెక్కన. స్థిరమైన ఖర్చును స్థిరమైన ఖర్చుగానే చూపండి. ధర ముందు చెప్పండి, ఇంత దాటితే ఆపమనే హక్కు మాకివ్వండి.

ఇవన్నీ ఒప్పుకున్నవాడి మీటరును నేనే దగ్గరుండి బిగించుకుంటాను. ఒప్పుకోనివాడు "వాడుకున్నంతకే చెల్లించండి" అన్నప్పుడు, ఊళ్ళో ఉన్నా విదేశంలో ఉన్నా మనం అడగవలసింది ఒక్కటే. అయ్యా, మీరు పారబోసిందెంత?