ఆడపిల్లకు సిద్ధముగా నున్న పేరేది?

పుట్టబోవు బిడ్డకు పేరు వెదకుట మన యిండ్లలో నొక వేడుక. కోడలు నెల తప్పినదని తెలిసినది మొదలు తాతగారు తమ తండ్రి పేరు నిలువవలెనందురు. నాయనమ్మగారు మ్రొక్కుకొనిన దైవము పేరు తప్పరాదందురు. మేనత్త కలము పుచ్చుకొని పట్టిక వ్రాయును. బిడ్డ తండ్రి సెల్‌ఫోను చేతబట్టి, లోకమున నింకెవ్వరికిని లేని రెండక్షరముల మాట యేదైన దొరకునాయని రాత్రులు మేలుకొనును. ఇదంతయు సంతోషింపదగినదే. కాని యీ పట్టికలను శ్రద్ధతో చూచువారికొక విషయము గోచరించును. మగపేర్లు పది యున్నచోట ఆడపేర్లు రెండో మూడో యుండును. కొన్ని యిండ్లలో నవియు నుండవు. "ఆడపిల్ల యైనచో అప్పుడు చూచుకొందము" అని పెద్దలు పలుకగా నేను పలుమారులు వినియున్నాను. నేనిప్పుడు వ్రాయబూనినది ఆ మాటను గూర్చియే.

గర్భములోని శిశువు ఆడుదో మగవాడో పరీక్షించి తెలుపుట 1994 సంవత్సరపు చట్టముచే శిక్షార్హమైన నేరము. ఆ చట్టమేల పుట్టవలసివచ్చెనో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. కావున న్యాయముగ నడచుకొను ప్రతి గృహస్థుడును కాన్పగు క్షణమువరకు కొడుకునకును కూతునకును సరిసమానముగ నెదురు చూడవలసినవాడే. చట్టము పరీక్షను మాన్పింపగలదు. ఇంటివారి మనస్సెటు మొగ్గియున్నదో మాత్రము పేర్ల పట్టిక బయటపెట్టును.

హీనమైన పేర్లు మన దేశమునకు క్రొత్త కావు. అయితే వానిలో రెండు తెగలున్నవి. ఈ రెంటిని కలిపివేయుట అన్యాయము. పూర్వము పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, తరువాత కలిగిన శిశువును చేటలో నుంచి పెంటకుప్పపై పెట్టి, మరల తెచ్చుకొని పెంటయ్య యనిరి. పుల్లివిస్తళ్లపై దొర్లించి పుల్లయ్య, పుల్లమ్మ యనిరి. ఉత్తరాంధ్రమున పొరుగింటివారికి దోసెడు తవుటికి అమ్మినట్లు నటించి తవిటయ్య, తవిటమ్మ యనిరి. ఇంతటి నీచవస్తువును మృత్యువైనను కోరదని వారి యాశ. మశూచియు విషూచియు ఇండ్లను ఊడ్చుకొనిపోవు కాలమున, వైద్యమెరుగని తల్లి మృత్యువును మోసగింప పన్నిన యుపాయమది. ఆ పేరు వెనుక నున్నది రోత గాదు, పట్టరాని ప్రేమ. న్యాయస్థానమున నేను ప్రశ్నించిన సాక్షులలో పుల్లయ్యలును తవిటయ్యలును పెక్కుమంది గలరు. తన పేరు చెప్పుటకు సిగ్గుపడినవానిని ఒక్కనినైన చూడలేదు.

రెండవ తెగ వేరు. మహారాష్ట్రమున సతారా జిల్లాలో ఆడపిల్లకు "నకూశా" యని పేరు పెట్టుట యుండెను. అక్కరలేనిది అని దాని యర్థము. 2011 అక్టోబరులో అచ్చటి యధికారులు సభ చేసి, ఇట్టి పేర్లుగల 285 మంది బాలికలకు క్రొత్త పేర్లు పెట్టించిరి. హర్యానాలో హిసారు జిల్లా భగానా గ్రామమున 2004 లో నాలుగవ కూతురు పుట్టగా, ఇదియే కడపటిది కావలెనను కోరికతో తల్లిదండ్రులు "అంతిమ్" అని పేరిడిరి. ఆ అంతిమ్ పంఘాల్ 2022 లో ఇరువదేండ్లలోపువారి ప్రపంచ కుస్తీపోటీలలో స్వర్ణపతకము గెలిచి, ఆ పోటీలలో బంగారము తెచ్చిన తొలి భారతీయ యువతి యయ్యెను. మరుసటి యేడును గెలిచెను. మిగుల సంతోషము. కాని అక్కరలేనిదనిపించుకొనిన ప్రతి బాలికయు మల్లవిద్య నేర్చి లోకమునకు బదులు చెప్పజాలదు. బడిలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చదువుచు "అక్కరలేనిది" అని పిలువగా, లేచి నిలువబడి "ఉన్నానండి" యని పలుకవలసిన ఎనిమిదేండ్ల పసిదానిని ఊహింపుడు.

మనవారిట్టి పేర్లు పెట్టరుగదా యని తృప్తిపడుటకు వీలులేదు. ఆలోచన లేక, తొందరలో, అక్క రమ గనుక చెల్లెలు ఉమ యని పెట్టిన పేరు వినుటకు బాగుగనే యుండును. దాని వెనుక ఇంటిలో నెవ్వరును ఒక్క దినమైన తలపోయలేదనుట మాత్రము సత్యము.

వేరొక విధముగ నడచినవారును మనలో గలరు. 1931 లో నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెమున ఒక భూస్వామి యింట ఆడపిల్ల పుట్టినప్పుడు, సత్యాగ్రహమున పాల్గొనిన బంధువుల కోరికపై ఆమెకు స్వరాజ్యమని పేరిడిరి. ఆనాడు దేశమంతయు జపించుచుండిన మాటను మగబిడ్డ కొరకు దాచియుంచవలెనని వారికి తోచలేదు. ఆమెయే తెలంగాణ సాయుధపోరాటమున ప్రసిద్ధికెక్కి, తరువాత శాసనసభలో కూర్చుండి, 2022 లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యముగారు.

పుట్టకముందే పేరనుకొనరాదనియు, నక్షత్రము తెలియనిదే మొదటి యక్షరము తెలియదనియు పూర్వాచారపరు లాక్షేపింతురు. అశ్వని యైనచో చూ, చే, చో, లా అను వానిలో పాదమునుబట్టి ఒకటి రావలెను, నిజమే. కాని నక్షత్రనామము వేరు, వ్యవహారనామము వేరు అను భేదము మన పెద్దలు చేసినదే. నక్షత్రనామమును బారసాలనాడు పళ్లెములోని బియ్యముపై వ్రాయుడు. లోకము పిలువబోవు పేరును ముందుగ నాలోచించుటకు దోషమేమి? శాస్త్రమే ప్రమాణమన్నను, ఆడుపేరు సుఖముగ పలుకదగినదై, అర్థము స్పష్టమై, ఆశీర్వచనమువలె నుండవలెనని మనుస్మృతి ద్వితీయాధ్యాయము చెప్పుచున్నది. (అంతకు రెండు శ్లోకములకు ముందే శూద్రుని పేరు జుగుప్సితముగ నుండవలెననియు చెప్పినది. దానిని త్రోసివేయవలసినదే.)

ఇక న్యాయవాదిగ చెప్పవలసినది కొంత గలదు. 1969 సంవత్సరపు జననమరణముల నమోదు చట్టము ననుసరించి జననమును 21 దినములలో తెలుపవలెను. పేరు లేకయే నమోదు చేయవచ్చును. పిదప 12 నెలలలోపల రుసుము లేకయు, అటుపై 15 సంవత్సరములవరకు రుసుముతోను పేరు చేర్పింపవచ్చును. ఈ సౌకర్యమే సోమరితనమునకు త్రోవ యగుచున్నది. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడిలో చేరుటకు, వోటరు జాబితాకు, పాస్‌పోర్టునకు, ప్రభుత్వోద్యోగమునకు పుట్టిన తేదీని, స్థలమును నిరూపించు పత్రము జననధ్రువపత్రమే. అందు పేరు గడి ఖాళీగ నుంచి ఇంటిలో బుజ్జి యని పిలిచి, బడిలో నొక పేరు, పెండ్లి పత్రికలో నొక పేరు వ్రాయించిన పిల్ల గతి యేమగునో నేను చూచుచునే యున్నాను.

ఉమ్మడి ఆస్తిలో కూతునకు హక్కు ఆంధ్రదేశమున 1986 చట్టముతోను, దేశమంతట 2005 సవరణతోను వచ్చినది. ఆ హక్కు నడుగ వచ్చిన స్త్రీని ఎదుటి పక్షపు వకీలు మొట్టమొదట అడుగు ప్రశ్న, "ఈ కాగితములోని మనిషివి నీవే యనుటకు సాక్ష్యమేమి?" అని. అప్పుడు ఫలానా ఉరఫ్ ఫలానా యని వ్రాసికొనుచు, ముసలి మంత్రసాని బ్రదికియున్నదాయని వెదకుచు, ఆమె సంవత్సరములు గడుపవలెను. అన్నదమ్ముల పేర్లు ఏ కాగితమున జూచినను ఒక్కటిగనే యుండును. వంశోద్ధారకుని పేరు పది నెలల ముందే నిర్ణయమైనది గదా!

ముద్దుపేర్లపై నాకు కోపము లేదు. కాకినాడ వైణికుడు హనుమాన్లు చిట్టిబాబు యైనాడు. దేవులపల్లి సుబ్బరాయశాస్త్రిగారిని బుజ్జాయి యనిననే లోకమెరుగును. ప్రేమతో పిలుచు పేరు ఎంత పెద్దవానికైన అందమే. కాని పిల్ల రంగునుబట్టి నల్లదియనియు, పొడవునుబట్టి పొట్టిదియనియు ముద్దు పేరిట పిలుచుట ముద్దు గాదు. గర్భిణి యింటనున్న కాలమున పెద్దలు నోటిని సవరించుకొనుటయు మేలు.

ఆడుపేరు దొరకదను వారు మన నదులవైపు చూడవచ్చును. గోదావరి యను పేరుగల అవ్వలు నిన్నమొన్నటివరకు ప్రతి యూరను ఉండిరి. నాగావళి, వంశధార యను పేర్ల నింకను ఎవ్వరును వాడి అరగదీయలేదు. రుద్రమ యున్నది, మొల్ల యున్నది. క్రొత్తదనము కావలెనన్న అర్థము లేని రెండక్షరములకంటె నివి క్రొత్తవి.

సీమంతమునాడు ముత్తైదువులందరు కూడియుండగా ఇంటిపెద్ద ఒక కాగితముపై మగపేరొకటి, ఆడపేరొకటి వ్రాసి కోడలిచేతి కిచ్చుట మంచిదని నా సూచన. కోడలు రెంటిలో దేనినైన కొట్టివేసి తనకు నచ్చినది వ్రాసికొనవచ్చును. మోయుచున్నది ఆమె గదా. ఒక పేరు వ్యర్థమగునుగదా యని లెక్కించువారుందురు. ఏమియు వ్యర్థముగాదు, ఏడాది తిరుగకముందే తోడికోడలికో ఆడపడుచునకో పనికివచ్చును.