ప్రీమియం కత్తుల క్వాలిటీ నిజంగా తగ్గిందా? నాన్న జేబులోని స్విస్ నైఫ్ చెప్పిన జవాబు

మొన్న వేసవిలో ఆవకాయ టైమ్‌కి ఖానాపురం హవేలిలోని మా ఇంటికి వెళ్తూ, అమ్మ కోసం ఓ ప్రీమియం వంటింటి కత్తి కొనుక్కెళ్లా. బ్రాండ్ పేరు చెప్పను, ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది. జపనీస్ స్టైల్, రాక్‌వెల్ స్కేల్ మీద 60 దాటిన హార్డ్‌నెస్. అన్‌బాక్సింగ్ రోజు కాగితాన్ని వెన్నలా కోసింది. మూడో రోజు మామిడికాయ టెంక మీద గట్టిగా దించా. అంచు పెచ్చు లేచిపోయింది.

"ఇంత డబ్బు పోసి తెచ్చింది ఇదా?" అని అమ్మ తన పాత కత్తిపీట ముందుకు లాక్కుంది. నా నోటికి వెంటనే వచ్చిన మాట మీరూ ఎన్నోసార్లు అని ఉంటారు: "ఇప్పుడు ఏ కంపెనీలోనూ మునుపటి క్వాలిటీ లేదు."

అప్పుడు నాన్న ఏమీ మాట్లాడకుండా జేబులోంచి తన ఎర్ర విక్టోరినాక్స్ తీసి టేబుల్ మీద పెట్టాడు.

నాన్న ఎలక్ట్రీషియన్. ఆ నైఫ్ 2004లో మా మామయ్య కువైట్ నుంచి తెచ్చిచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా వైర్లు ఒలిచింది, స్క్రూలు తిప్పింది, మిర్చి బస్తాల కుట్లు తెంపింది. గతేడాది నేనూ అదే మోడల్ కొన్నా. రెండూ పక్కపక్కన పెట్టి చూశా. తెరిస్తే అదే 'టక్'మనే శబ్దం, స్ప్రింగ్‌లో అదే బిగువు. పాతదాని బ్లేడ్ మాత్రం సాన పట్టీ పట్టీ సన్నబడింది. అది అరుగుదల, లోపం కాదు.

ఈ కంపెనీ కథ కూడా తెలుసుకోదగ్గదే. 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో కార్ల్ ఎల్సెనర్ వర్క్‌షాప్ పెట్టాడు. 1891లో స్విస్ సైన్యానికి మొదటి కత్తులు ఇచ్చాడు. తల్లి విక్టోరియా పేరుకి స్టెయిన్‌లెస్ స్టీల్‌ని సూచించే 'ఇనాక్స్' కలిపితే 1921లో విక్టోరినాక్స్ అయింది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమానాల్లో కత్తులు నిషేధిస్తే అమ్మకాలు బాగా పడిపోయాయి. అయినా ఉద్యోగుల్ని తీసేయలేదు. నా ఉద్దేశంలో క్వాలిటీ నిలబడటానికి ఇదో పెద్ద కారణం. పని తెలిసిన చేతులు పోతే మెషీన్ ఒక్కటే కాపాడలేదు.

అలాగని భజన చేయడం లేదు. వీళ్ల పాకెట్ నైఫ్ మెయిన్ బ్లేడ్ హార్డ్‌నెస్ దాదాపు 56. ఈలోగా వేరే కంపెనీలు పౌడర్ స్టీల్‌తో 60 దాటేశాయి, వాటి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది. లాక్, క్లిప్, ఒంటి చేత్తో తెరిచే సౌకర్యం చాలా చోట్ల మామూలైపోయాయి. క్లాసిక్ స్విస్ నైఫ్ ఇంకా గోరుతోనే తెరవాలి. అంటే క్వాలిటీ నిలబడింది, డిజైన్ కాస్త నిలిచిపోయింది. ఈ రెండూ వేర్వేరు ఫిర్యాదులు. మనం కలిపేసి "క్వాలిటీ తగ్గింది" అనేస్తున్నాం.

ఇంకో విషయం. హార్డ్‌నెస్ నంబర్‌ని మనం ఫోన్ మెగాపిక్సెల్‌లా చూస్తాం, పెరిగితే మంచిదనుకుంటాం. కానీ స్టీల్ ఎంత గట్టిదైతే అంత పెళుసు. 56 ఉన్న అంచు గట్టి దెబ్బకి వంగుతుంది, సానరాయి మీద కాసేపు రుద్దితే మళ్లీ దారికొస్తుంది. 60 దాటింది వంగదు, విరుగుతుంది. సాన పట్టడమూ కష్టమే. మా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. తప్పు కత్తిది కాదు, కూరగాయలు కోసే దాంతో టెంక కొట్టిన నాది. అందుకే బ్రాండ్ పేరు చెప్పలేదు.

అసలు స్టీల్ మనకి కొత్తేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులుగా పేరుపడినవాటికి ఇలాంటి దక్షిణ భారత ఉక్కు కూడా వాడేవాళ్లు. నాసిరకం తయారుచేసి ఆ పేరు పోగొట్టుకోలేదు. కొలిమిలే ఆరిపోయాయి, పనితనం తర్వాతి తరానికి అందలేదు. ఆ లెక్కన 140 ఏళ్లుగా అదే ఊళ్లో, అదే కుటుంబం చేతిలో నడుస్తున్న కంపెనీని చూస్తే నాకు కొంచెం అసూయే.

నా తీర్పు: విక్టోరినాక్స్ క్వాలిటీ తగ్గలేదు. పదును ఎక్కువ రోజులు నిలవాలంటే వేరేది చూడండి. ఇరవై ఏళ్లు జేబులో ఉండాలంటే ఇదే కొనండి. ఏది కొన్నా రివ్యూలో మొదటిరోజు పేపర్ కటింగ్ వీడియో చూసి ఆగిపోకండి. "మొద్దుబారాక దీన్ని నేను సాన పట్టుకోగలనా?" అని కూడా అడగండి.

పెచ్చు లేచిన ఆ కత్తిని సానరాయి మీద రెండు సాయంత్రాలు రుద్దితే దారికొచ్చింది. ఇప్పుడు అమ్మ దాంతో ఉల్లిపాయలు, టమాటాలు కోస్తోంది. టెంకలు మాత్రం కత్తిపీటకే.