కర్ర విరిగితే కొత్తది, రుసుము విడిగా

అమెరికాలో బాస్ చేపకు గాలం వేసేవాళ్లు కొనే రాడ్‌కు రెండు ధరలుంటాయి. ఒకటి దుకాణంలో చీటీ మీద కనిపిస్తుంది. రెండోది రాడ్ విరిగిన రోజు బయటపడుతుంది. జీవితకాల వారంటీ ఉందన్న ధీమాతో నాలుగు వందల డాలర్లు పెట్టి కొన్న మనిషి, కొస పుటుక్కుమన్నాక కంపెనీకి రాస్తే మర్యాదగానే జవాబొస్తుంది: తప్పకుండా కొత్తది పంపుతాం, మార్పిడి రుసుము వంద డాలర్లు. ఆయనకు ఒళ్లు మండుతుంది. జీవితకాలం అని రాసి మళ్లీ డబ్బు అడగడమేమిటని వాదిస్తాడు. రుసుము అడగడంలో పెద్ద తప్పు లేదని నా వాదన. రాడ్ కొనేటప్పుడు గడువు చూసి మురిసిపోయి, ఆ రుసుము ఎంతో అడగకుండా ఇంటికి తెచ్చుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

రాడ్ ఎందుకు విరుగుతుందో చూడనిదే ఈ తగవు తేలదు. ఇప్పటి బాస్ రాడ్లలో ఎక్కువ భాగం గ్రాఫైట్‌వి. కార్బన్ నారకు రెసిన్ పట్టించి, ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి, కడ్డీని లాగేస్తే మిగిలే బోలు గొట్టం అది. 1970ల తొలినాళ్లలో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్‌ను రాడ్లలోకి తెచ్చేదాకా రాజ్యం ఫైబర్‌గ్లాస్‌దే. గ్లాసు బరువు ఎక్కువ, కానీ మొండిది. ఎంత వంచినా ఓర్చుకుంటుంది. గ్రాఫైట్ తేలిక, బిరుసు; నీటి అడుగున ఎర రాయికి తగిలిందా, చేప మూతికి తగిలిందా అన్నది చేతికి తెలిసిపోతుంది. నార ఎంత బిరుసైనదైతే గొట్టం గోడను అంత పలచగా చుట్టొచ్చు. రాడ్ తేలికవుతుంది, ధర పెరుగుతుంది, దెబ్బకు తట్టుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. ఖరీదైన రాడ్ అంటే గట్టి రాడ్ అనుకోవడం మనం మిగతా వస్తువుల దగ్గర నేర్చుకున్న అలవాటు. ఇక్కడ అది తలకిందులు. రాడ్ మీద ఐఎం6, ఐఎం7, ఐఎం8 అన్న అక్షరాలు చూసి అంకె పెరిగేకొద్దీ సరుకు మేలనుకునేవాళ్లూ ఉన్నారు. అవి హెక్సెల్ అనే కంపెనీ తన కార్బన్ నార రకాలకు పెట్టుకున్న వ్యాపార నామాలు. రాడ్ మన్నిక గురించి అవి చెప్పేది ఏమీ లేదు.

విరిగే తీరు కూడా చూడండి. చేపను పడవ పక్కదాకా లాగాక, దాన్ని పైకి తీసే తొందరలో చెయ్యెత్తి రాడ్‌ను నిట్టనిలువుగా, ఇంకా వెనక్కి కూడా తీసుకెళ్తారు. అప్పటిదాకా బరువు మోసిన లావుపాటి మొదలు పక్కకు తప్పుకుంటుంది. భారమంతా అగ్గిపుల్లంత సన్నని కొస మీద పడుతుంది. దానికితోడు ఈ రోజుల్లో అల్లిక దారం వాడకం పెరిగింది. ఇరవై పౌన్ల దారానికి సరిపడేలా చేసిన రాడ్‌కు యాభై పౌన్ల అల్లిక దారం కట్టి, రీలు బిగించేస్తే, దారం తెగేలోపు రాడ్డే విరుగుతుంది. కారు తలుపు సందులో, గ్యారేజీ తలుపు కింద, గదిలో తిరిగే ఫ్యాను రెక్కకు బలయ్యే రాడ్లూ తక్కువేం కాదు. అన్నిటికన్నా చిక్కు తెచ్చేది కనబడని దెబ్బ. విసిరేటప్పుడు అర ఔన్సు సీసపు ఎర గొట్టానికి ఒక్కసారి టక్కున తగిలితే చాలు, పలచటి గోడలో నార చిట్లుతుంది. పైకి గీత కూడా కనబడకపోవచ్చు. కొన్ని వారాల తర్వాత రెండు పౌన్ల పిల్లచేప లాగితే అక్కడే విరుగుతుంది. పట్టుకున్నవాడు ఏ పాపమూ ఎరగనని నిజాయితీగానే నమ్ముతాడు. ఇంత చిన్న చేపకే విరిగిందంటే సరుకులోనే లోపం ఉందంటాడు. కంపెనీవాడు ఆ ముక్కలను చూసి కాదని తేల్చిచెప్పలేడు, ఔననీ ఒప్పుకోలేడు.

ఈ తేలని తగవుకు కంపెనీలు కనిపెట్టిన మధ్యేమార్గమే రుసుము. ఎలా విరిగిందో అడగం, మీరూ కథలు చెప్పొద్దు, ఇంత కట్టండి, కొత్తది పట్టుకెళ్లండి. పేరుకు వారంటీ అయినా దీని నడక బీమాది. రాడ్ ధరలోనే ప్రీమియం కలిసి ఉంది. విరిగినప్పుడు కట్టేది, కారు బీమాలో మన జేబులోంచి పోయే మొదటి వాటా లాంటిది. ఆ వాటా లేకపోతే ఏమవుతుందో మెయిన్ రాష్ట్రంలోని ఎల్.ఎల్.బీన్ చూపించింది. 1912లో బూట్లతో మొదలైన ఆ దుకాణం, మొదటి వంద జతల్లో తొంభై కుట్లూడి తిరిగొస్తే అందరికీ డబ్బు వాపసిచ్చామని తన చరిత్రలో గర్వంగా చెప్పుకుంటుంది. ఎప్పుడు తెచ్చినా వెనక్కి తీసుకుంటామన్న ఆ మాట మీద దశాబ్దాలు నడిచింది. ఏళ్లతరబడి వాడి అరగదీసినవీ, పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవీ తెచ్చి కొత్తవి అడిగేవాళ్లు పెరిగిపోయారని చెప్పి, 2018 ఫిబ్రవరిలో ఏడాది గడువు పెట్టింది. కొన్న రుజువు చూపాలంది. నిజాయితీపరులకు ఉన్న సౌకర్యాన్ని తెగించినవాళ్లు పోగొట్టారు. రాడ్ల కంపెనీలు రుసుము పెట్టి ఆ గతి తప్పించుకుంటున్నాయి. జాగ్రత్తగా వాడేవాడి ధరలో అజాగ్రత్తపరుడి ఖర్చు కొంతైనా తగ్గేది ఈ రుసుము వల్లనే.

చట్టం సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే మోసం అన్న మాట తేలిగ్గా వాడేస్తున్నారు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం అమెరికాలో రాతపూర్వక వారంటీ ఇచ్చేవాడు అది పూర్తిదో పరిమితమైనదో పైన స్పష్టంగా రాయాలి. పూర్తి వారంటీ అయితే లోపాన్ని సరిచేయడానికి కొన్నవాడి దగ్గర పైసా తీసుకోకూడదు. పరిమితమైతే షరతులు పెట్టుకోవచ్చు. రాడ్ల కాగితాల మీద మామూలుగా కనబడేది రెండోదే. జీవితకాలం అని ప్రకటించుకుంటే అది ఎవరి జీవితమో కూడా చెప్పాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు అంటాయి. సాధారణంగా అది మొదట కొన్న మనిషి దగ్గర ఉన్నంతకాలం. స్నేహితుడి దగ్గర చవగ్గా కొన్న రాడ్‌కు ఆ జీవితం అప్పుడే ముగిసిపోయి ఉంటుంది. దుకాణం రసీదు పారేస్తే, కంపెనీ దగ్గర రాడ్ నమోదు చేయించకపోతే వచ్చే చిక్కులు వేరే.

రుసుము ఎందుకంత పెద్దదన్న ప్రశ్నకు సగం జవాబు రాడ్ పొడవులో ఉంది. ఫ్లై రాడ్లు ఎక్కువగా నాలుగు ముక్కలుగా వస్తాయి. ఓర్విస్ కంపెనీ తన ఫ్లై రాడ్లకు, అవి ఎలా విరిగినా సరే, ఇరవై అయిదేళ్ల హామీ ఇవ్వగలుగుతోందంటే, విరిగిన ముక్కను చిన్న గొట్టంలో పెట్టి పంపుకునే వీలు కూడా ఒక కారణమే. బాస్ రాడ్ సాధారణంగా ఏడడుగుల ఒంటి ముక్క, అంటే 84 అంగుళాలు. పెట్టె పొడవు 48 అంగుళాలు దాటితే యూపీఎస్ లాంటి సంస్థలు అదనపు చార్జీ వేస్తాయి. పోనూ రానూ ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. కొన్ని కంపెనీలు విరిగినదాన్ని పంపొద్దు, ఫొటో తీసి పంపితే చాలంటాయి. ఆ ఒక్క వెసులుబాటు వారంటీ గడువులో అయిదేళ్ల తేడా కన్నా విలువైనదని నా అంచనా.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఊహకు రెండు రాడ్లు తీసుకోండి. ఒకటి నాలుగు వందల డాలర్లది, జీవితకాల వారంటీ, విరిగిన ప్రతిసారీ వంద రుసుము. రెండోది నూట ఇరవైది, ఏడాది తర్వాత విరిగితే మళ్లీ కొనుక్కోవాల్సిందే. మొదటిది రెండోదాని కన్నా చవక కావాలంటే ఎన్నిసార్లు విరగాలి? మొదట్లో తేడా 280 డాలర్లు. విరిగినప్పుడల్లా మిగిలేది ఇరవై. పద్నాలుగోసారి విరిగిననాడు రెండూ సమానమవుతాయి. అదే రుసుము అరవై అయితే అయిదోసారికి ఖరీదైన రాడ్ గట్టెక్కుతుంది. రుసుము నూట ఇరవై దాటితే ఎప్పటికీ గట్టెక్కదు. జీవితకాలం అన్న మాట ఈ మూడు లెక్కల్లోనూ మారలేదు. ఫలితాన్ని మార్చింది రుసుమొక్కటే. (ధరలో ఇంకో వడ్డన కూడా ఉంది: పది శాతం ఎక్సైజ్ సుంకం, రాడ్‌కు పది డాలర్లు దాటకుండా. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం ఆ డబ్బు చేపల సంరక్షణ కోసం రాష్ట్రాలకు వెళ్తుంది. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.)

నూట ఇరవైదాన్నీ నాలుగు వందలదాన్నీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారని అనుభవజ్ఞులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తూచకూడదు. నేను చెప్పదలచినదీ అదే: వారంటీని చూపి తరగతి మార్చకండి. ఒకే తరగతిలో, ఒకే తేలికతనంతో రెండు రాడ్లున్నాయనుకోండి. ఒకటి మూడు వందలకు ఏడాది హామీతో, ఇంకోటి నాలుగు వందలకు జీవితకాల హామీ, వంద రుసుముతో. మూడు వందలది ఒక్కసారి విరిగితే మొత్తం ఆరు వందలవుతుంది, రెండోది అయిదు వందల్లో తేలిపోతుంది. ఇక్కడ వారంటీకి వంద ఎక్కువ పెట్టడం తెలివైన పనే. పలచటి గ్రాఫైట్‌కు బీమా కావాలి. మొండి గ్లాసు కలిసిన చవక రాడ్‌కు అక్కర్లేదు. 1976 నుంచి షేక్‌స్పియర్ కంపెనీ అమ్ముతున్న అగ్లీ స్టిక్ లాంటివి కొన్నవాళ్లు వారంటీ కాగితం ఎక్కడ పెట్టామో కూడా మర్చిపోతారు.

ఇక ఏ తరగతి కావాలన్నది పనిని బట్టి తేల్చుకోవాలి. పిడి పైన చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది చదివితే సగం సందేహాలు తీరతాయి. పవర్ అంటే ఎంత బరువుకు వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ నుంచి వంగుతుందో. నాచులో, మునిగిన చెట్ల మధ్య ఒంటి కొక్కెం ఎర వేసేవాడికి ఏడడుగుల మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ రాడ్ సరిపోతుంది. గట్టిగా లాగి కొక్కెం దించాలి కదా. మూడు మొనల కొక్కేలున్న క్రాంక్‌బెయిట్ అనే ఎరకు అదే రాడ్ వాడితే చేప నోట్లోంచి కొక్కెం చీల్చుకుని వచ్చేస్తుంది. దానికి మధ్య దాకా మెత్తగా వంగే మోడరేట్ యాక్షన్ కావాలి, గ్లాసు కలిసినదైతే మరీ మంచిది. అంటే అక్కడ చవకదే మేలైన పనిముట్టు. సున్నితమైన రాడ్ ఉంటేనే పెద్ద చేప పడుతుందన్న వాదనకు రికార్డులు వంతపాడవు. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌన్ల 4 ఔన్సుల బాస్, గ్రాఫైట్ పుట్టకముందు, ఆర్థిక మాంద్యం రోజుల్లో పడింది. ఆ ఇంటివాళ్లు దాన్ని వండుకు తిన్నారు కూడా. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేసేదాకా అది చెక్కుచెదరలేదు. అడుగున మెల్లగా ఎర ఈడ్చేవాడికి సున్నితత్వం నిజంగానే అక్కరకొస్తుంది, కాదనను. డాలస్ పక్కన లూయిస్‌విల్, రే హబ్బర్డ్ జలాశయాల ఒడ్డున శనివారం సాయంత్రాలు గడపాలనుకునే మనవాళ్లకు మొదటి ఏడాది అది అక్కర్లేదు.

కంపెనీల వైపు ఇంత మాట్లాడాక వాళ్ల తప్పూ చెప్పాలి. రెండో వారంలోనే, ఎవరి చెయ్యీ జారకుండా, గొట్టం అతుకు దగ్గర ఊడిపోయిన రాడ్‌కూ, కారు తలుపులో పడ్డ రాడ్‌కూ ఒకే రుసుము వేయడం అన్యాయం. తయారీ లోపం సాధారణంగా తొలినాళ్లలోనే బయటపడుతుంది కనుక, మొదటి ఏడాది రుసుము లేకుండా మార్చి, ఆపైన బీమా పద్ధతి నడిపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండోది ఇంకా పెద్దది. గడువును రాతలో బిగించి, రుసుమును అప్పటికి అమల్లో ఉన్నంత అని వదిలేసే వారంటీలో, కంపెనీ ఇచ్చిన మాట ఎంతదో కొన్నవాడికి ఎప్పటికీ తెలియదు. ఈరోజు అరవై అన్నది పదేళ్లకు నూట యాభై అయితే అడిగే దిక్కులేదు. మోడల్ ఆపేశాక దానికి దగ్గరగా ఉన్నది పంపుతాం అనే షరతూ అలాంటిదే. దగ్గర ఎంత దగ్గరో నిర్ణయించేది వాళ్లే.

విరిగిన ప్రతి రాడ్‌నూ మార్చాలా అన్నది కూడా ఆలోచించాలి. కార్బన్ రాడ్‌ను కరిగించి మళ్లీ పోత పోయలేం. అది చెత్తలోకే పోతుంది. కొస దగ్గర రెండు మూడు అంగుళాలు మాత్రమే విరిగితే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. విరిగిన ముక్కకున్న చివరి రింగును లైటర్ సెగకు వెచ్చబెడితే లోపలి జిగురు కరిగి ఊడొస్తుంది. రాడ్ కొస ఇప్పుడు కాస్త లావైంది కనుక పాత రింగు పట్టదు. అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్కన సైజు కొలిచి కొత్తది తెచ్చుకోవాలి. కరిగే జిగురు పూసి, మిగతా రింగులతో వరస కలిసేలా తిప్పి, చల్లారనివ్వాలి. కొన్ని డాలర్ల పని. యాక్షన్ కొంచెం బిరుసెక్కుతుంది, ఎర విసిరే దూరం కాస్త తగ్గుతుంది, అంతే. నడుము విరిగినప్పుడే వంద డాలర్ల గురించి ఆలోచించాలి.

ఆ వంద సంగతి ముందే తెలుసుకునే హక్కు కొనేవాడికి ఉంది. పదిహేను డాలర్లు దాటిన వస్తువుకు రాతపూర్వక వారంటీ ఉంటే, దాని పూర్తి పాఠాన్ని అమ్మకానికి ముందే అందుబాటులో ఉంచాలని అమెరికా నిబంధన. కౌంటర్ దగ్గర ఆ కాగితం అడగండి. రుసుము ఎంత, పంపే ఖర్చు ఎవరిది, మొదటి ఏడాది మినహాయింపు ఉందా అన్న మూడు ప్రశ్నలకు అందులో జవాబు లేకపోతే, ఆ రాడ్‌కు వారంటీ లేనట్టే లెక్కగట్టి ధర కట్టండి.