చప్పట్లు సీసాకు, సున్నా పరీక్షలకు

సూళ్లూరుపేట: శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడల్లా ఈ ప్రాంత ప్రజలు మేడలెక్కి చూడడం ఏనాటి నుంచో ఉన్నదే. ఇప్పుడా ముచ్చట కళాశాలల ఆవరణలలోకి కూడా వచ్చింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగగా, ఆ తేదీని 2024 నుంచి జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నారు. అక్టోబరు 4 నుంచి 10 వరకు అంతరిక్ష వారోత్సవాలు సరేసరి. ఈ సందర్భాలలో విద్యార్థులు సొంతంగా చేసిన చిన్న ప్రయోగ సాధనాలతో నీటి రాకెట్లు ఎగరవేయడం పరిపాటి అయింది. ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు దానినే కోర్సు ప్రాజెక్టుగా ఎంచుకుంటున్నారు. సంతోషించదగినదే. అయితే సీసా ఎగిరితే చప్పట్లు, ఎగరకపోతే మొహం చాటేయడం అన్న తీరులో ఇంజనీరింగ్ పాలు ఎంతన్నది ఆలోచించవలసిన విషయం.

సాధనం చూడడానికి చిన్నదే. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, అరంగుళం పీవీసీ పైపు, సైకిలు ట్యూబు వాల్వు, గేజి ఉన్న పంపు ఉంటే చాలు. సీసాలో మూడో వంతు నీరు పోసి, మూతిని పైపుకు తొడిగి గాలి కొడతారు. సీసా మెడ దగ్గరి అంచును చుట్టూ పేర్చిన ప్లాస్టిక్ టైల తలలు పట్టుకుని ఉంటాయి. అవి విడిపోకుండా వాటిపై మరో పైపుముక్క ఉంగరంలా కూర్చుంటుంది. దూరం నుంచి తాడు లాగితే ఉంగరం కిందికి జారుతుంది, పట్టు వదులుతుంది, సీసా నీటిని కిందికి చిమ్ముతూ పైకి లేస్తుంది.

అసలు చిక్కు ఆ పట్టు దగ్గరే ఉంది. సీసా మూతి లోపలి వైశాల్యం సుమారు 3.8 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 4 కిలోల ఒత్తిడి ఎక్కిస్తే పట్టు మీద దాదాపు 15 కిలోల తోపు పడుతుంది. అంత బరువులో ఉంగరం బిగుసుకుపోయి, తాడు లాగినా కదలకపోవచ్చు. అప్పుడు ఏమవుతుంది? ఉత్సాహవంతుడైన కుర్రవాడొకడు దగ్గరకు పోయి సీసాను కదిలిస్తాడు. ముఖం సరిగ్గా దాని మీదే ఉంటుంది. కనుక లోపలి గాలిని పంపు దగ్గర నుంచే వదిలేయడానికి విడిగా ఒక చిన్న కుళాయి ఉండి తీరాలి. అది లేని నమూనాను, ఎంత అందంగా ఉన్నా, ఏ అధ్యాపకుడూ మైదానంలోకి అనుమతించరాదు.

ఎగరేయడానికి ముందు చేయవలసిన పరీక్ష మరొకటి ఉంది. సీసాను, పైపులను పూర్తిగా నీటితో నింపి, వాడబోయే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూడాలి. నీరు గాలిలా అణగదు గనుక, ఎక్కడైనా లోపముంటే చీలి కారుతుంది తప్ప గాలి నిండిన సీసాలా పేలదు. మామూలు మంచినీళ్ల సీసా ఈ పనికి బొత్తిగా పనికిరాదు. అది గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలా చేసినది కాదు.

ఇక ఎగిరిన తరువాత? ఒకసారి ఎగిరితే రుజువయ్యేది ఏమీ లేదు. ఒకే ఒత్తిడి, ఒకే నీరు, ఒకే కోణం ఉంచి కనీసం ఐదుసార్లు వదలాలి. 50 మీటర్ల దూరాన నిలబడి చూసినవారికి సీసా 45 డిగ్రీల కోణంలో కనిపిస్తే, అది చూసేవారి కంటికి 50 మీటర్ల ఎత్తున ఉన్నట్టే. కోణమానిని, దారం, చిన్న బరువు ఉంటే కొలత సాధ్యమే. గాలి లేని ఉదయాన కూడా ఐదు కొలతలూ ఐదు రకాలుగా వచ్చాయంటే, ముందు అనుమానించవలసింది సాధనాన్నే. వాషరు కారుతూ ఉండవచ్చు, ఉంగరం ఒకవైపుకు ఒరిగి జారుతూ ఉండవచ్చు.

ఈ కొలతల పుస్తకానికి మార్కులు వేసేవారు అరుదు. బంగారు అక్షరాల అట్ట వేసిన నివేదిక ఉంటే చాలు. హైదరాబాదు అమీర్‌పేటలో తయారు ప్రాజెక్టులు అమ్ముడుపోవడం బహిరంగ రహస్యమే. కొన్న ప్రాజెక్టులో ఉండనిది ఒక్కటే, విఫలమైన రోజుల లెక్క. పరీక్షకులు ఆ ఒక్క పుస్తకం అడిగితే ఎవరు చేశారో, ఎవరు కొన్నారో పది నిమిషాలలో తేలిపోతుంది.

విఫలమైతే పరువుపోతుందనే భయం శ్రీహరికోట పక్కనే ఉండడం విచిత్రం. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 తొలి ప్రయోగం బంగాళాఖాతంలో కూలింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం కారడమే కారణమని తేల్చారు. లోపం సరిదిద్దుకుని, 1980 జూలై 18న అదే శ్రేణి వాహకంతో 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టారు.

మందు కూరిన రాకెట్ల మోజు కూడా కొన్నిచోట్ల కనబడుతున్నది. పేలుడు పదార్థాలు తయారు చేయడానికి 1884 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. హాస్టలు గదిలో కలుపుకునే వ్యవహారం కాదది.

వీటన్నిటికీ కావలసింది సమయం, స్థలం. ప్రాజెక్టు చివరి సెమిస్టరులో పడడంతో నిర్మాణానికే రోజులు చాలవు. పరీక్షలు ఆఖరి వారానికి నెట్టబడుతున్నాయి. కళాశాల ఆవరణలలోనేమో కరెంటు తీగలు, బస్సులు, జనం. కోత అయిన పొలాలు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. రైతును అడిగి, తెల్లవారుజామున రెండు గంటలు వాడుకునే ఏర్పాటు యాజమాన్యాలు చేయవచ్చు. కావలసింది ఒక బస్సు, ఒక అధ్యాపకుడు, నాలుగు బిందెల నీళ్లు.