కంప్యూటర్‌కు ఈ మూగనోము ఎందుకు?

4 జీబీ ర్యామ్‌తో ఈడ్చుకొస్తున్న ల్యాప్‌టాప్‌కి ఇంకో 4 జీబీ తగిలిస్తే మరో రెండు మూడేళ్లు నెట్టుకురావచ్చని చాలామంది లెక్క వేసుకుంటారు. ర్యామ్ ధర ఎంత పెరిగినా కొత్త మెషిన్ కొనడం కన్నా అదే నయం. తీరా బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. షాపుకి తీసుకెళ్తే ‘బోర్డు పోయిందండీ’ అంటే అనొచ్చు. అది నిజమో కాదో తేల్చుకునే ఆధారం యజమాని చేతిలో ఏదీ ఉండదు. ఎక్కడ ఆగిపోయిందో ఆ మెషిన్‌కు తెలుసు, కానీ అది నోరు విప్పదు. విప్పేలా చేయడం కష్టమూ కాదు, ఖర్చూ కాదు. తయారీదారులు తమంతట తాము చేయడం లేదు గనక ప్రభుత్వం నిబంధన పెట్టి చేయించాలి.

మెషిన్‌కు తెలుసని ఎలా చెప్పగలం? స్విచ్ నొక్కగానే బోర్డు మీది బయోస్ అనే తొలి ప్రోగ్రామ్ ముందుగా ర్యామ్‌ను పలకరిస్తుంది. ప్రతి ర్యామ్ పలక మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. ఆ పలక రకం, సామర్థ్యం, వేగం అందులో రాసి ఉంటాయి. బయోస్ అది చదివి, ఆ వేగానికి తగ్గట్టు సంకేతాలను సరిచూసుకుంటుంది. ఈ మెట్టు దాటకపోతే తెర వెలగదు. దాటకపోవడానికి కారణాలు చాలావరకు చిన్నవే. పలక ఒక చివర పూర్తిగా దిగక క్లిప్ టక్కుమనకపోవడం, బంగారు రంగు కాంటాక్టుల మీద దుమ్మో చేతి జిడ్డో ఉండటం, రకం కుదరకపోవడం. ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3 పలక 1.5 వోల్టుల మీద నడుస్తుంది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టుల మీద. రెండూ ఒకే స్లాట్‌లో ఒకేలా దిగుతాయి. అయితే కొన్ని ల్యాప్‌టాప్‌లు రెండో రకాన్ని మాత్రమే ఒప్పుకుంటాయి. డీడీఆర్5 అయితే మొదటిసారి సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆగిపోయిందనుకుని మధ్యలో స్విచ్ తీసేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. అనుభవమున్న మెకానిక్ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఒక్కో పలకనూ విడిగా పెట్టి చూస్తాడు. అవసరమైతే నాణెం బ్యాటరీ తీసి బయోస్‌ను రీసెట్ చేస్తాడు. పాత ర్యామ్ ఒక్కటే పెట్టినప్పుడు మెషిన్ లేచిందంటే బోర్డు బతికున్నట్టే. పైసా ఖర్చు లేని ఈ పరీక్షలన్నీ అయ్యాకే బోర్డు మాట ఎత్తాలి.

ఒకప్పటి కంప్యూటర్లు ఇంత మౌనంగా ఉండేవి కావు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ అన్నీ బాగుంటే ఒక్కసారి ‘బీప్’ మనేది, మెమరీలో తేడా ఉంటే తెర మీద 201 అనే అంకె చూపేది. తర్వాత ఎన్ని బీప్‌లకు ఏ అర్థమో ఎవరికి వాళ్లు నిర్ణయించుకున్నారు. మూడు బీప్‌లంటే ఏఎంఐ బయోస్‌లో మెమరీ లోపం. డెల్ కంప్యూటర్లలో అదే మూడు బీప్‌లకు మదర్‌బోర్డు లోపమని అర్థం. ఒకదాంట్లో ఒక పలక మారిస్తే సరిపోయే చోట ఇంకోదాంట్లో బోర్డే మార్చాలన్నమాట. ఇప్పుడు చాలా డెస్క్‌టాప్ క్యాబినెట్లలో ఆ బుల్లి స్పీకరే కనిపించదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో క్యాప్స్‌లాక్ లైటు ఏదో లెక్కన మినుకుమంటుంది. ఆ లెక్క తెలియాలంటే కంపెనీ సర్వీస్ మాన్యువల్ తిరగేయాలి.

ర్యామ్ లేవందే తెర ఎలా వెలుగుతుందని ఇంజినీర్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ర్యామ్ అందుబాటులోకి వచ్చేదాకా బయోస్ ప్రాసెసర్ లోపలి క్యాష్‌తోనే నెట్టుకొస్తుంది, బొమ్మ చూపేంత చోటు దానికి ఉండదు. కానీ దీనికి తెర దేనికి, లైటు చాలు. కాస్త మంచి డెస్క్‌టాప్ బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి ఎల్ఈడీలు ఇప్పటికే ఉంటున్నాయి. ల్యాప్‌టాప్‌కైతే కొత్త లైటూ అక్కర్లేదు, క్యాప్స్‌లాక్ లైటు ఉండనే ఉంది. కావలసింది ఉమ్మడి లెక్క ఒక్కటే. లైటు తప్పుదారి పట్టిస్తుందన్నది ఇంకో అభ్యంతరం. ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగినా డీర్యామ్ లైటే వెలగొచ్చు, నిజమే. థర్మామీటరు కూడా జబ్బు పేరు చెప్పదు, అలాగని దాన్ని పారేయం కదా. కోడ్ తెలిస్తే తెలిసీ తెలియనివాళ్లు మెషిన్ విప్పి ఇంకా పాడుచేస్తారన్న భయమూ ఉంది. అసలు విప్పనివాళ్లకే దీనివల్ల ఎక్కువ మేలు. షాపు మెట్లెక్కేముందే ‘మెమరీ దగ్గర ఆగింది’ అని చెప్పగలిగిన మనిషిని బోర్డు పేరుతో బెదరగొట్టడం అంత తేలిక కాదు. నిజాయతీగా పనిచేసే మెకానిక్‌కు కూడా తన మాట రుజువు చేసుకునే సాక్ష్యం దొరుకుతుంది.

దారి కొత్తగా వేయనక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఎప్పటినుంచో తప్పనిసరి. ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే, స్టోరేజీ ఈ నాలుగింటికైనా అన్ని కంపెనీలకూ ఒకే సంకేతాలు ఉండాలని, వాటిని మెషిన్ అడుగున అచ్చు వేయాలని, రిపేరు అంచనా కాగితం మీద ఆ కోడ్ రాయాలని నిబంధన తెస్తే చాలు. ప్రపంచమంతా అమ్మే కంపెనీలు ఒక్కో దేశం మాట వింటాయా అనొచ్చు. 2024 డిసెంబరు నుంచి ఫోన్లకు యూఎస్‌బీ-సీ ఉండాల్సిందేనని యూరప్ పట్టుబడితే దారికి రాలేదా? ఏ కంపెనీ మెషిన్‌లోనైనా మూడుసార్లు మినుకుమనే లైటుకు ఒకే అర్థం ఉన్నప్పుడు, ‘బోర్డు పోయింది’ అన్న మనిషిని ‘లైటు ఎన్నిసార్లు మినుకుమంది?’ అని ఎవరైనా అడగగలుగుతారు.