అవసరం అంటే తొందర కాదు

ఆమధ్య మా తాతకు ఒళ్లు బాగాలేనప్పుడు, ఇంట్లో పిల్లోడొకడు తిరుపతిలో ఉండే చిన్నాన్నకు తెలుగులో మెసేజ్ పెట్టినాడు: "తాతకు బాగాలేదు. అవసరంగా రండి." తమిళంలో అవసరం అంటే తొందర. చిన్నాన్న వాళ్లేమో ఏదో పనుండి పిలుస్తున్నారనుకొని, మూడు రోజులు ఆగి ఆదివారం వచ్చినారు. తాత కోలుకున్నారు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం.

కడంబత్తూరులో మన పిల్లలు రాసే తెలుగులో ఇట్లాంటివి చానా ఉంటాయి. "మీకు నా మీద అక్కర లేదు" అని రాస్తారు. తమిళంలో అక్కర అంటే శ్రద్ధ, మనకేమో అవసరం. "ఇద్దరు వచ్చినారు" అనాల్సిన చోట "రెండు పేరు వచ్చినారు" అంటారు.

అక్షరాల సంగతి వేరే. తమిళంలో త, థ, ద, ధ నాలుగిటికీ ఒకటే అక్షరం. అందుకే అర్థం (భావం), అర్ధం (సగం) కలిసిపోతాయి. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైంది. పెండ్లి పత్రికల్లో కూడా ఇవి తారుమారవుతుంటాయి. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది, ఒకటో తరగతిలో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పోయింది. చానా ఇండ్లల్లో తెలుగు అక్షరాలు నేర్పే బడి ఇక ఇల్లే.

అయితే మేం ఒకటి గట్టిగా చెప్తాం. యాస తప్పు కాదు. "వస్తా ఉండాను" అంటే టీవీ తెలుగు కాదని నవ్వేవాళ్లున్నారు. చిత్తూరు వైపు అవ్వాతాతలు మాట్లాడేది అదే. మన పక్కనుండే తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే కదా! యాసను వెక్కిరిస్తే పిల్లలు నోరు మూసుకుంటారు, ఆ తర్వాత రాయడమే మానేస్తారు.

కాబట్టి ముందు దిద్దాల్సింది, చదివేవాళ్లకు భావం మారిపోయే మాటల్ని. ఒత్తులు ఆ తర్వాత. యాసను మాత్రం ముట్టుకోవద్దు. వారానికి రెండు మాటలు, అన్నం తినేటప్పుడు చెప్పినా చాలు. మా ఇంట్లో మొదటి మాట "అవసరం". ఇప్పుడు ఆ పిల్లోడు "తొందరగా రండి" అని రాస్తా ఉండాడు.